హైదరాబాద్ నుంచి డాలస్: 14,400 కిలోమీటర్లా? 32 గంటలా?

ఫోన్ తీసి ‘హైదరాబాద్ టు డాలస్ డిస్టెన్స్’ అని కొట్టి చూడండి. వెంటనే రెండు అంకెలు వస్తాయి. దూరం సుమారు 14,400 కిలోమీటర్లు. ఫ్లైట్ టైమ్ 16 నుంచి 18 గంటలు.

రెండూ తప్పేం కాదు. కాకపోతే ఆ 14,400 కిలోమీటర్ల దారిలో ప్రయాణికుల్ని ఎక్కించుకుని వెళ్లే విమానం ఒక్కటీ లేదు. ఆ 16 గంటల్లో హైదరాబాద్ నుంచి డాలస్ చేరిన మనిషి మీకు ఎక్కడా కనిపించడు. మరి ఆ అంకెలు ఎక్కడివి? అసలు ఎంతసేపు పడుతుంది? ఆ తేడా వల్ల ఎవరికేం నష్టం?

నాకు ఈ లెక్కలు ఊరికే పట్టలేదు. మా అక్క డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటుంది. చిన్నాన్న కొడుకు ఇర్వింగ్‌లో ఉంటాడు. మా సూర్యాపేటలో ఏ వీధికి వెళ్లినా డాలస్‌లోనో, చికాగోలోనో, న్యూజెర్సీలోనో ఒకరున్న ఇల్లు తగులుతుంది. ‘మీ వాళ్లుండేది ఎంత దూరం?’ అని ఎవరైనా అడిగితే ఏ అంకె చెప్పాలో నాకు అర్థం కావడానికి రెండు ప్రయాణాలు పట్టాయి. ఒకటి నేను అమ్మను తీసుకుని వెళ్లింది. రెండోది మా తమ్ముడు అక్కడి నుంచి వచ్చింది.

దారం పెట్టి చూస్తే

ముందు ఆ 14,400 సంగతి. గోడ మీద వేలాడే ప్రపంచ పటంలో హైదరాబాద్ మీద ఒక వేలు, డాలస్ మీద ఒక వేలు పెట్టి గీత గీస్తే అది అరేబియా సముద్రం, ఆఫ్రికా, అట్లాంటిక్ మీదుగా పడమరకి పోతుంది. అందరం దారి అదే అనుకుంటాం. స్కేలు పెట్టి గీసిన ఆ గీత పట్టుకుని నిజంగా వెళ్తే 17,700 కిలోమీటర్ల దాకా అవుతుంది.

ఇప్పుడు గోళం తీసుకోండి. పిల్లల బొమ్మ గ్లోబు అయినా చాలు. రెండు ఊళ్ల మీదా దారం పెట్టి బిగించి లాగండి. దారం పడమరకి పోదు. నిటారుగా ఉత్తరానికి లేస్తుంది! భూమి గుండ్రంగా ఉంది కదా, రెండు ఊళ్ల మధ్య అతి దగ్గరి దారి ఆ దారం చూపించేదే. హైదరాబాద్, డాలస్ భూగోళానికి దాదాపు ఎదురెదురు రేఖాంశాల మీద ఉన్నాయి. ఒకటి 78 డిగ్రీల తూర్పు, ఇంకోటి 97 డిగ్రీల పడమర. కలిపితే 175. ఇంకో ఐదు డిగ్రీలు ఉంటే సరిగ్గా ఉత్తర ధ్రువం మీదుగానే దారి పడేది.

ఆ దారం వెంట వేలు పెట్టి నడిపిస్తే భలే ఉంటుంది. శంషాబాద్‌లో లేచి నేరుగా పైకి పోతే ఢిల్లీ పక్క నుంచి వెళ్తాం. తర్వాత హిమాలయాలు, కారకోరం పర్వతాలు. అవి దాటితే చైనా పడమటి కొసన కాష్గర్. ఆపైన కిర్గిజ్‌స్తాన్, కజకిస్తాన్. ఆ తర్వాత సైబీరియాలో ఓమ్స్క్ నగరం దాపున పోయి, మంచు పట్టిన కారా సముద్రం మీదుగా ఫ్రాంజ్ జోసెఫ్ దీవులు. అక్కడి నుంచి ఉత్తర ధ్రువానికి 500 కిలోమీటర్ల పైచిలుకు దూరంలో మలుపు తిరిగినట్టు కనిపిస్తుంది కానీ మనం తిరగం, భూమే తిరిగి ఉంది. ఇక అన్నీ దిగుడే. కెనడా ఉత్తర కొసన ఎల్స్‌మియర్ దీవి, హడ్సన్ అఖాతం, మిన్నెసోటా, కాన్సస్, చివరికి టెక్సస్.

సూర్యాపేట ఎండలో పుట్టి పెరిగినవాడు టెక్సస్ ఎండలోకి వెళ్లాలంటే దగ్గరి దారి ధ్రువపు మంచు మీదుగా ఉందన్నమాట. ఫోన్‌లో వచ్చే దూరం ఈ దారానిదే. టైమ్ ఎలా వస్తుందంటారా? ఆ దూరాన్ని విమానం వేగం గంటకి 850, 900 కిలోమీటర్లతో భాగించి, ఎక్కడానికి దిగడానికి ఒక అరగంట కలుపుతారు. అంతే.

ఆ దారిలో విమానం ఎందుకు లేదు?

అంత దూరం ఆగకుండా ఎగిరే విమానం లేక కాదు. సింగపూర్ నుంచి న్యూయార్క్‌కి నేరుగా విమానం ఉంది. అది 15,300 కిలోమీటర్ల పైనే. అంటే మన డాలస్ కంటే ఇంకో 900 కిలోమీటర్లు ఎక్కువ. కాకపోతే అందుకోసం ప్రత్యేకంగా తయారుచేసిన ఎయిర్‌బస్ ఏ350 విమానంలో 161 సీట్లే పెట్టారు. బిజినెస్, ప్రీమియం ఎకానమీ తప్ప మామూలు ఎకానమీ సీటు ఒక్కటీ లేదు. కారణం ఇంధనం. దూరం పెరిగేకొద్దీ ఇంధనం ఎక్కువ నింపాలి. ఆ ఇంధనం బరువు మోయడానికి మళ్లీ ఇంధనం కావాలి. మనుషుల్నీ సామాన్నీ తగ్గిస్తే తప్ప లెక్క కుదరదు. మనవాళ్లేమో మనిషికి రెండు 23 కిలోల పెట్టెలు, అందులో సగం పచ్చళ్లు!

పైగా ఆ దారిలో అడ్డంకులు చాలా ఉన్నాయి. మొదటిది కొండలు. విమానంలో గాలి ఒత్తిడి తగ్గిపోతే పైలట్ గబగబా 10,000 అడుగులకి, అంటే 3,000 మీటర్ల ఎత్తుకి దించాలి. పైనుంచి వేలాడే ఆక్సిజన్ మాస్కులు నిమిషాల లెక్కనే పనిచేస్తాయి. కింద కారకోరం శిఖరాలు 8,000 మీటర్లు దాటి ఉంటే దించేది ఎక్కడికి? అందుకే ఎత్తయిన పర్వతాలని, టిబెట్ పీఠభూమిని విమానాలు వీలైనంత తప్పించుకుని పోతాయి.

రెండోది సరిహద్దులు. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక అమెరికా, యూరప్ విమానాలకి రష్యా తన ఆకాశం మూసేసింది. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ మన విమానాలకి తన ఆకాశం మూసింది. మనం దారం పెట్టిన దారిలో కొంత భాగం ఇలాంటి గొడవలే.

మూడోది ధ్రువం. అక్కడ ఏదైనా అయితే దిగడానికి ఎయిర్‌పోర్టు దగ్గర్లో ఉండదు. మామూలు జెట్ ఇంధనం మైనస్ 40, మైనస్ 47 డిగ్రీల దగ్గర గడ్డకట్టడం మొదలవుతుంది కాబట్టి దాని వేడి కనిపెట్టుకుంటూ పోవాలి. 2023 జూన్‌లో ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్తున్న విమానానికి ఇంజిన్‌లో ఇబ్బంది వస్తే రష్యా తూర్పు కొసన మగదాన్‌లో దించారు. వేరే విమానం వచ్చేదాకా ప్రయాణికులు ఆ ఊళ్లోనే ఉండాల్సి వచ్చింది.

అయినా మనవాళ్లు ఆ దారి చూడలేదని కాదు. 2021 జనవరిలో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకి ఎయిర్ ఇండియా మొదటి విమానం ఉత్తర ధ్రువం మీదుగా వచ్చింది. కాక్‌పిట్‌లో అందరూ మహిళలే. కెప్టెన్ జోయా అగర్వాల్‌తో పాటు అందులో మన తెలుగు పైలట్ పాపగారి తన్మయి కూడా ఉన్నారు. అదే నెలలో హైదరాబాద్ నుంచి చికాగోకి నేరుగా సర్వీసు మొదలైంది. అది 13,280 కిలోమీటర్లు. అయితే ఆ సర్వీసు ఎక్కువ కాలం నడవలేదు. డాలస్‌కి అదీ లేదు.

కాబట్టి మనం మధ్యలో ఎక్కడో ఒకచోట దిగి ఎక్కాల్సిందే. దోహా, దుబాయ్, అబుదాబి, లండన్, ఫ్రాంక్‌ఫర్ట్... ఎవరి టికెట్ అదృష్టం వాళ్లది.

గడప నుంచి గడపకి

అక్కకి నెలలు నిండుతున్నాయి. పురుడు పోయడానికి అమ్మ వెళ్లాలి. అమ్మకి తెలుగు తప్ప వేరే భాష రాదు, మోకాళ్ల నొప్పులు. ఆఫీసులో మూడు వారాలు సెలవు పెట్టి నేను తోడు బయల్దేరాను. జనవరి, సంక్రాంతి అయిపోయిన వారం. పెట్టెలో సకినాలు, అరిసెలు, కారప్పొడి, మెంతులు, పాత మెత్తటి చీరలు.

దోహా మీదుగా టికెట్. దారి పొడవునా గంటలు రాసి పెట్టుకున్నాను. అన్నీ మన టైమ్‌లోనే చెప్తాను, లేకపోతే లెక్క తప్పుతుంది.

శుక్రవారం రాత్రి 9 గంటలకి సూర్యాపేటలో ఇంటి గడప దాటాం. విజయవాడ హైవే ఎక్కి, ఔటర్ రింగ్ రోడ్డు పట్టుకుని అర్ధరాత్రికి శంషాబాద్. మూడున్నర గంటల ముందు చేరితే ఎక్కువనుకున్నాను. చెక్-ఇన్ లైను చూశాక సరిపోతే చాలనిపించింది. తెల్లవారుజామున 3.30కి విమానం లేచింది. అంటే ఇంట్లోంచి బయల్దేరి ఆరున్నర గంటలయ్యాక మేం ఇంకా రంగారెడ్డి జిల్లాలోనే ఉన్నాం!

దోహా 2,900 కిలోమీటర్లు. నాలుగున్నర గంటలు. అక్కడ రెండున్నర గంటల విరామం. డాలస్ గేటు దగ్గర వరసగా వీల్‌చైర్లు. కూర్చున్నవాళ్లలో చాలామంది మన అమ్మలూ నాన్నలే. నడవలేని వాళ్లు కొందరు. నడవగలిగినా బోర్డు చదవలేనివాళ్లు ఇంకొందరు. వీల్‌చైర్ అడిగితే తోసేవాళ్లే సరైన గేటుకి చేరుస్తారు కదా, దారి తప్పే భయం ఉండదు. ఒకావిడ అమ్మని చూసి ‘మీరేడికి?’ అంది. నిజామాబాద్ ఆవిడ. ఆమె ఒక్కతే వెళ్తోంది. మెడలో ప్లాస్టిక్ కవరులో పాస్‌పోర్టు, కొడుకు ఫోన్ నంబరు పెద్దక్షరాల్లో రాసిన కాగితం. విమానం ఎక్కేదాకా అమ్మ చెయ్యి పట్టుకునే ఉంది.

దోహా నుంచి డాలస్ 12,700 కిలోమీటర్లు. 16 గంటలు. డాలస్‌లో దిగేసరికి మన ఆదివారం తెల్లవారుజామున 2.30. డాలస్ ఎయిర్‌పోర్టు మాన్‌హటన్ దీవి కంటే పెద్దది అని చదివాను. కాళ్లు వాచిపోయి దిగినప్పుడు ఆ మాట గుర్తొచ్చింది. ఇమిగ్రేషన్, పెట్టెలు, కస్టమ్స్ కలిపి రెండు గంటలు. బావ కారులో ఫ్రిస్కో చేరి అక్క ఇంటి గడప తొక్కేసరికి మన టైమ్ ఉదయం 5.30. అక్కడేమో ఇంకా శనివారం సాయంత్రం 6.

మొత్తం 32 గంటల 30 నిమిషాలు. అందులో గాల్లో ఉన్నది ఇరవైన్నర గంటలు. మిగతా 12 గంటలు నేల మీదే, లైన్లలో, కుర్చీల్లో, హైవే మీద.

ఇక్కడే ఒక సంగతి గమనించాను. దోహా మీదుగా వెళ్తే చాలా చుట్టుతిరుగుడు అనుకుంటాం. రెండు ముక్కలూ కలిపితే 15,650 కిలోమీటర్లు. నేరు దారి కంటే పన్నెండు వందల చిల్లర మాత్రమే ఎక్కువ. అంత దూరంలో అదొక లెక్క కాదు. రేపు ఎవరైనా హైదరాబాద్ నుంచి డాలస్‌కి నేరుగా విమానం వేసినా మాకు మిగిలేది ఆరున్నర గంటలే. 26 గంటలు ఎలాగూ తప్పవు. విమానం గంటకి 900 కిలోమీటర్లు పోతుంది. గడప నుంచి గడపకి లెక్కేస్తే మేం వెళ్లిన వేగం 500 కూడా లేదు.

కదలని పొద్దు

ఆ 16 గంటల్లో ఒకటి మాత్రం ఫోన్‌లో ఏ అంకె చెప్పనిది చూశాం. దోహాలో పొద్దున బయల్దేరాం. మా సీట్లు ఎడమవైపు కిటికీ పక్కన. యూరప్ దాటి ఐస్‌లాండ్ వైపు వెళ్తున్నప్పుడు సూర్యుడు కిటికీలో తక్కువ ఎత్తులో ఉన్నాడు. గంటకి చూసినా అక్కడే. మూడు గంటలకి చూసినా అక్కడే. అమ్మ ఒక నిద్ర తీసి లేచి, ‘పొద్దు కదుల్తలేదేందే?’ అంది.

కదలదు మరి. భూమి తన చుట్టూ తాను తిరిగే వేగం భూమధ్యరేఖ దగ్గర గంటకి 1,670 కిలోమీటర్లు. పైకి పోయేకొద్దీ చుట్టుకొలత తగ్గుతుంది కాబట్టి వేగమూ తగ్గుతుంది. 60 డిగ్రీల ఉత్తరాన సగమే, 835 కిలోమీటర్లు. మా విమానం అదే చోట దాదాపు అదే వేగంతో పడమరకి పోతోంది. భూమి ఎంత తిరుగుతుంటే మేం అంత వెనక్కి పోతున్నాం. దాంతో ఐదారు గంటల పాటు మాకు మధ్యాహ్నం పన్నెండే! గ్రీన్‌లాండ్ దక్షిణపు కొస మీద మంచు కొండలు నారింజ రంగులో కనిపించాయి. అమ్మ కిటికీ మూయనివ్వలేదు. మధ్యలో ఉప్మా తిని, మాత్రలు వేసుకుని, మళ్లీ అటే చూసింది.

దిగాక అమ్మకి టైమ్ లెక్క నేర్పించాను. మీకూ పనికొస్తుంది. చలికాలంలో మనకీ డాలస్‌కీ తేడా పదకొండున్నర గంటలు. మన గడియారానికి అరగంట కలిపి రాత్రిని పగలు చేసుకుంటే అక్కడి టైమ్ వచ్చేస్తుంది. మనకి రాత్రి 9 అయితే అక్కడ పొద్దున 9.30. మార్చి రెండో ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం దాకా వాళ్లు గడియారం గంట ముందుకి జరుపుకుంటారు. అప్పుడు అరగంట బదులు గంటన్నర కలపాలి. అంతే. అమ్మకి రెండో రోజే వచ్చేసింది.

‘ఏడిదాక వచ్చిండు?’

ఇక రెండో ప్రయాణం. జరిగిన వరసలో ఇదే ముందుది. మేం వెళ్లడానికి అంతకుముందు ఏడాది ఆగస్టులో, ఒక బుధవారం ఉదయం 6 గంటలకి చిన్నాన్న గుండెపోటుతో పోయాడు. ఒక్కడే కొడుకు. ఇర్వింగ్‌లో ఉద్యోగం. అక్కడ మంగళవారం రాత్రి 7.30. ఫోన్ చేసింది నేనే.

ఊళ్లో మామూలుగా ఆ రోజు సాయంత్రానికే దహనం అయిపోవాలి. పెద్దనాన్న అడిగిన మొదటి మాట: ‘పిలగాడు ఎన్ని గంటల్ల వస్తడు?’ ఆ ప్రశ్నకి ఫోన్‌లో 16 గంటలు అని కనిపిస్తోంది. అది చూసి ఎవరో ‘రేపు పొద్దుగాల్లకి వస్తడు’ అన్నారు కూడా. రాడు. ఆ రాత్రి బయల్దేరే విమానానికి సీటు దొరకలేదు. మర్నాడు సాయంత్రం 7 గంటల విమానానికి దొరికింది. అది మనకి గురువారం తెల్లవారుజామున 5.30. అక్కడి నుంచి గల్ఫ్‌కి పద్నాలుగున్నర గంటలు, అక్కడ మూడు గంటలు, హైదరాబాద్‌కి నాలుగు గంటలు, ఊరికి ఇంకో నాలుగు. కాగితం మీద వేసి చెప్పాను. శుక్రవారం ఉదయం 7.

చిన్నమ్మ ఏమీ అనలేదు. ‘ఆగుదాం’ అని పెద్దనాన్నే తేల్చాడు. కొడుకు కొరివి పెట్టాలి. సూర్యాపేట నుంచి ఫ్రీజర్ బాక్స్ తెప్పించారు. కరెంటు పోతే కష్టమని జనరేటర్ తెచ్చి వాకిట్లో పెట్టారు. గురువారం రోజంతా టెంటు కింద నా చేతిలో ఫోన్. విమానాలు కదిలేది చూపించే యాప్‌లో చిన్న పసుపు రంగు బొమ్మ. ఎప్పుడూ ఊరు దాటని ముసలివాళ్లు కూడా వచ్చి ‘ఏడిదాక వచ్చిండు?’ అని అడిగేవాళ్లు. సముద్రం మీద ఉన్నాడంటే ‘ఇంకా సముద్రమేనా’ అనేవాళ్లు. కాసేపు బొమ్మ కదలకపోతే చిన్నమ్మ నా మొహం వంక చూసేది. సిగ్నల్ అందట్లేదు, విమానం ఆగలేదు అని చెప్పేదాన్ని.

తమ్ముడి దగ్గర ఇంకో లెక్క ఉంది. అది నాకు తర్వాత చెప్పాడు. వాడు చదువుకోడానికి స్టూడెంట్ వీసా మీద వెళ్లాడు. ఉద్యోగం వచ్చాక అక్కడే హెచ్-1బీకి మారాడు. అంటే ఉండటానికి అనుమతి ఉంది, పాస్‌పోర్టులో మాత్రం ఆ వీసా స్టాంపు లేదు. అమెరికాలో ఉన్నంత కాలం ఏమీ కాదు. దేశం దాటితే మాత్రం స్టాంపు వేయించుకోకుండా మళ్లీ లోపలికి వెళ్లలేడు. అపాయింట్‌మెంట్ ఎప్పుడు దొరుకుతుందో తెలియదు. ఉద్యోగం ఆగుతుందో లేదో తెలియదు. అక్కడి స్నేహితులు ఒకటికి రెండుసార్లు ఆలోచించుకోమన్నారట. ‘ఆలోచిస్తే రాలేనక్కా, అందుకే ఆలోచించకుండా సంచి సర్దుకున్నా’ అన్నాడు.

శుక్రవారం ఉదయం 7.10కి కారు వాకిట్లో ఆగింది. ప్రాణం పోయి 49 గంటలు. తొమ్మిదిన్నరకి అన్నీ అయిపోయాయి.

వాడు డాలస్‌లో గది తాళం వేసి మా ఊరు చేరడానికి ముప్పై గంటలు పట్టలేదు. తిరిగి అదే గది తాళం తీయడానికి 11 వారాలు పట్టింది. దారి అదే, కిలోమీటర్లు అవే. అపాయింట్‌మెంట్ కోసం రోజూ ఫోన్ చూసుకోవడం, రాత్రిళ్లు అక్కడి టైమ్‌కి ల్యాప్‌టాప్ ముందు కూర్చోవడం, కొన్ని వారాలు జీతం లేకుండా ఉండటం... ఆ దూరాన్ని ఏ యాప్‌లోనూ చూపించరు.

మీరు లెక్క వేసేటప్పుడు

మీ ఇంట్లోనూ ఎవరో ఒకరు ఇలా దూరంగా ఉంటే, లేదా మీరే వెళ్లే ఆలోచనలో ఉంటే, కొన్ని చూసి పెట్టుకోండి.

టికెట్ వెతికేటప్పుడు ‘ఫ్లైట్ టైమ్’ కాదు, ‘టోటల్ డ్యూరేషన్’ చూడండి. దానికి ముందు ఇంటి నుంచి ఎయిర్‌పోర్టు దాకా, అక్కడ మూడు గంటలు, దిగాక రెండు గంటలు కలపండి. వెళ్లేటప్పుడు, వచ్చేటప్పుడు గంటలు ఒకేలా ఉండవు. పైన గాలి పడమర నుంచి తూర్పుకి గట్టిగా వీస్తుంది. అందుకే దోహా నుంచి డాలస్‌కి 16 గంటలు పడితే, అటు నుంచి ఇటు పద్నాలుగున్నరే.

చవగ్గా వస్తుందని రెండు ముక్కలకీ వేర్వేరు టికెట్లు కొంటే మొదటిది ఆలస్యమైనప్పుడు రెండోవాళ్లకి బాధ్యత ఉండదు. పెట్టెలు కూడా మధ్యలో తీసుకుని మళ్లీ ఇవ్వాలి. అమ్మానాన్నల్ని ఒంటరిగా పంపుతుంటే ఒకే టికెట్ మీద, మూడు గంటల విరామం ఉండేలా చూడండి. మధ్యలో దిగే దేశానికి ట్రాన్సిట్ వీసా కావాలో వద్దో టికెట్ కొనకముందే తెలుసుకోండి.

వీసా స్టాంపు ఎప్పటిదాకా ఉందో, పాస్‌పోర్టు గడువు ఎప్పుడో, హఠాత్తుగా రావాల్సి వస్తే తిరిగి వెళ్లడం ఎలాగో... ఇవన్నీ ఇంట్లో అందరూ బాగున్నప్పుడే మాట్లాడుకోండి. ఎవరైనా పోతే ఆగాలా వద్దా అన్నది కూడా. మాట్లాడటానికి ఇబ్బందిగానే ఉంటుంది. మేం అక్క ఇంట్లో ఉన్న మూడు వారాల్లో ఒక రాత్రి అమ్మే ఆ మాట ఎత్తింది. పక్కన ఉయ్యాల్లో పాప. ‘నాకేమన్న అయితే ఒక్క రోజే ఆగుండ్రి, అందుకోకపోతే ఫోన్ల చూడుండ్రి, ఏమనుకోను’ అంది. అక్క చాలాసేపు లేచి వెళ్లి వంటింట్లో నిలబడింది. తర్వాత వచ్చి తన పాస్‌పోర్టు తీసి తేదీలు చూసింది.

ఇప్పుడు మా చిన్నమ్మని ఎవరైనా ‘మీ పిలగాడుండేది ఎంత దూరమమ్మా?’ అని అడిగితే ఆమె కిలోమీటర్లు చెప్పదు, గంటలూ చెప్పదు.

‘రెండు రాత్రులు’ అంటుంది.